సంకీర్ణ పాలనలో బ్రిటన్ స్థానిక ఎన్నికలు: ఫలితాలు, ప్రతిస్పందనలు

2010 మే నెలలో డేవిడ్ కామెరాన్ ప్రధానమంత్రిగా, నిక్ క్లెగ్ ఉపప్రధానిగా కన్జర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు కలిసి బ్రిటన్‌లో సంకీర్ణ ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లండన్‌లో ఇలాంటి ప్రభుత్వం రావడం అదే మొదలు. 2015 మే దాకా నిలిచిన ఈ ప్రభుత్వం ఏటా మే నెలలో స్థానిక ఎన్నికలను ఎదుర్కొంది. చెత్త సేకరణ, వీధి దీపాలు, గ్రంథాలయాలు, వృద్ధుల సంరక్షణ వంటివి చూసుకునే కౌన్సిలర్లను ఎన్నుకోవాల్సిన ఓటర్లు వెస్ట్‌మినిస్టర్‌లోని కేంద్ర ప్రభుత్వం మీద తీర్పు చెప్పడానికే ఆ ఓటును ఎక్కువగా వాడుకున్నారు. ఆ తీర్పుకు నాయకులు స్పందించిన తీరు ఆ తర్వాతి బ్రిటిష్ రాజకీయాలను చాలావరకు మలిచింది.

ఎన్నికల తీరు

ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు మామూలుగా మే మొదటి గురువారం జరుగుతాయి. కౌన్సిలర్ పదవీకాలం నాలుగేళ్లు. కొన్ని కౌన్సిళ్లలో అన్ని స్థానాలకూ ఒకేసారి ఎన్నిక జరుగుతుంది, మరికొన్నింటిలో ఏటా మూడో వంతు స్థానాలకు జరుగుతుంది. అందువల్ల ఏ ఏడాది చూసినా దేశంలో సగమో పావో ఓటేస్తూ ఉంటుంది. ఏ రెండేళ్ల ఫలితాలనూ సూటిగా పోల్చడానికి వీలుండదు. ఈ చిక్కు విప్పడానికి బీబీసీ తరఫున జాన్ కర్టిస్ బృందం, ప్లిమత్‌లో కోలిన్ రాలింగ్స్, మైఖేల్ త్రాషర్ వేర్వేరుగా లెక్కలు కట్టేవారు. ఆ రోజు దేశమంతా ఓటేసి ఉంటే ఏ పార్టీకి ఎంత శాతం వచ్చేదన్నదే ఆ అంచనా. శుక్రవారం మధ్యాహ్నానికి టీవీల్లో మంత్రులు వాదించుకునేది ఈ అంకెల మీదే. కామన్వెల్త్ పౌరులకు ఓటు హక్కు ఉండటంతో, బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారతీయులు కూడా ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకుంటే ఈ ఎన్నికల్లో ఓటెయ్యవచ్చు. అక్కడి తెలుగు విద్యార్థులకు, ఉద్యోగులకు కూడా ఈ హక్కు ఉంది.

పూర్వరంగం

కేంద్రంలోని సంకీర్ణం మీద కోపాన్ని ఊరి ఎన్నికల్లో చూపించడం బ్రిటన్‌కు 2010లో కొత్తగా వచ్చిన అలవాటు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1918 డిసెంబరులో లాయిడ్ జార్జ్ సంకీర్ణం ఘనవిజయం సాధించింది. ఏడాది తిరగకుండానే, 1919 నవంబరు పురపాలక ఎన్నికల్లో లేబర్ పార్టీ లండన్ తూర్పు పేటలను ఊడ్చేసింది. స్టెప్నీలో గెలిచిన లేబర్ సభ్యులు, కౌన్సిలర్ కూడా కాని క్లెమెంట్ ఆట్లీని మేయరుగా ఎంచుకున్నారు. ఆయన తర్వాత దేశ ప్రధాని అయ్యాడు. పోప్లార్‌లో జార్జ్ లాన్స్‌బరీ మేయరయ్యాడు. పేదపేటల మీద పన్నుభారం అన్యాయమంటూ రెండేళ్ల తర్వాత పోప్లార్ కౌన్సిలర్లు ముప్పై మంది జైలుకు వెళ్లారు. లేబర్ ప్రభంజనం చూసి బెదిరిన కన్జర్వేటివ్‌లు, లిబరల్‌లు చాలా పట్టణాల్లో తమ జెండాలు పక్కన పెట్టి ఉమ్మడి అభ్యర్థులను నిలబెట్టారు.

1931లో వచ్చిన జాతీయ ప్రభుత్వ కాలంలో కథ వేరేగా నడిచింది. ఆ ఏడాది నవంబరు పురపాలక ఎన్నికల్లో లేబర్ చిత్తుగా ఓడింది. అయితే 1934 మార్చిలో హెర్బర్ట్ మోరిసన్ నాయకత్వంలో లండన్ కౌంటీ కౌన్సిల్‌ను తొలిసారి గెలుచుకుంది. పార్లమెంటులో నామమాత్రంగా మిగిలిన పార్టీ నగరపాలన చేసి చూపించి మళ్లీ నిలదొక్కుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చర్చిల్ సంకీర్ణం ఉన్నన్నాళ్లూ స్థానిక ఎన్నికలే జరగలేదు.

1977 మార్చిలో కుదిరిన లేబర్-లిబరల్ ఒప్పందాన్ని సంకీర్ణం అనలేం. లిబరల్‌లు మంత్రి పదవులు తీసుకోకుండా బయటినుంచి మద్దతిచ్చారు. అయినా ఆ మే నెల కౌంటీ ఎన్నికల్లో లేబర్‌తో పాటు లిబరల్ కౌన్సిలర్లు కూడా పెద్ద సంఖ్యలో ఓడారు. పెద్ద పార్టీకి భుజం ఇచ్చే చిన్న పార్టీకి ఏం జరుగుతుందో చెప్పే హెచ్చరిక అది. 2010లో సంకీర్ణ ఒప్పందం రాసుకున్నవారు దీన్ని తగినంత గుర్తు పెట్టుకున్నట్టు కనిపించదు.

పేవ్‌మెంటు మీద పుట్టిన బలం

2011 స్థానిక ఎన్నికల దెబ్బ ఎంత లోతుగా తగిలిందో తెలియాలంటే లిబరల్ డెమోక్రాట్లు ఎలా ఎదిగారో తెలియాలి. 1970లో ఈస్ట్‌బోర్న్ సభలో, వీరికి పూర్వరూపమైన లిబరల్ పార్టీ యువకార్యకర్తల పట్టుతో 'సముదాయ రాజకీయాల' తీర్మానాన్ని ఆమోదించింది. పెద్ద సిద్ధాంతాల కంటే ముందు వీధి సమస్య పట్టుకోవాలి, ఎన్నికలున్నా లేకున్నా ఏడాది పొడుగునా ఇంటింటికీ వెళ్లాలి అన్నది దాని సారం. 'ఫోకస్' అనే పేరుతో కరపత్రాలు వచ్చేవి. గుంతపడిన రోడ్డు పక్కనో, విరిగిన దీపస్తంభం కిందో నిలబడి వేలు చూపిస్తున్న స్థానిక నాయకుడి ఫొటో, కింద కౌన్సిలుకు రాసిన ఉత్తరం సంగతి, ఫోన్ నంబరు. కార్యకర్తలే వాటిని తలుపు సందుల్లోంచి వేసి వచ్చేవారు. ట్రెవర్ జోన్స్ లివర్‌పూల్‌లో ఈ పద్ధతినే నమ్ముకుని 1973కల్లా లిబరల్‌లను ఆ నగరంలో అతిపెద్ద పార్టీగా నిలబెట్టాడు. పార్లమెంటులో ఎన్నడూ దక్కని అధికారం ఈ పార్టీకి లివర్‌పూల్, షెఫీల్డ్, న్యూకాజిల్, హల్ వంటి ఉత్తరాది నగరాల్లో దక్కింది. 2010 నాటికి వీరికి దాదాపు 4,000 మంది కౌన్సిలర్లు ఉన్నారు. అందులో చాలామంది లేబర్ పేటల్లో లేబర్ మీద గెలిచినవారు. వాళ్ల ఓటర్లు కన్జర్వేటివ్‌లను సహించేవారు కారు.

అలాంటి పార్టీ కన్జర్వేటివ్‌లతో చేయి కలిపింది. 2010 జూన్‌లో షెఫీల్డ్ ఫోర్జ్‌మాస్టర్స్ ఉక్కు కర్మాగారానికి గత ప్రభుత్వం ఇస్తానన్న 8 కోట్ల పౌండ్ల రుణాన్ని సంకీర్ణం రద్దు చేసింది. క్లెగ్ పార్లమెంటు నియోజకవర్గం ఉన్నది ఆ నగరంలోనే. అక్టోబరు వ్యయ సమీక్షలో స్థానిక సంస్థలకు కేంద్రం ఇచ్చే నిధులకు నాలుగేళ్లలో నాలుగో వంతుకు పైగా కోత పడింది. డిసెంబరు 9న విశ్వవిద్యాలయ ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే ఓటింగ్ జరిగింది. ఫీజుల పెంపును అడ్డుకుంటామని విద్యార్థి సంఘానికి సంతకం చేసి మాటిచ్చిన ఎంపీల్లో చాలామంది దానికి అనుకూలంగా ఓటేశారు. 2011 ఫిబ్రవరిలో పదుల సంఖ్యలో లిబరల్ డెమోక్రాట్ కౌన్సిలర్లు తమ ప్రభుత్వపు కోతల వేగాన్నే తప్పుపడుతూ టైమ్స్ పత్రికకు బహిరంగ లేఖ రాశారు. మూడు నెలల తర్వాత ఓట్లడగాల్సింది వాళ్లే మరి.

2011: అత్త మీద కోపం

2011 మే 5న ఇంగ్లండ్‌లో 279 కౌన్సిళ్లకు ఎన్నికలు జరిగాయి. అదే రోజు స్కాట్లండ్ పార్లమెంటుకు, వేల్స్ శాసనసభకు కూడా పోలింగ్ జరిగింది. పార్లమెంటు ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు పద్ధతి తేవాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణను కూడా ఆ రోజే పెట్టారు. సంకీర్ణంలో చేరినందుకు లిబరల్ డెమోక్రాట్లు సాధించుకున్న పెద్ద హామీ ఇదే. ప్రచారంలో వ్యతిరేక వర్గం ఓటింగ్ పద్ధతి కంటే క్లెగ్ మీదే గురి పెట్టింది. ఆయన బొమ్మతో, మాట తప్పిన మనిషి అన్న అర్థం వచ్చేలా కరపత్రాలు పంచింది. ఎక్కువగా కన్జర్వేటివ్ దాతల డబ్బుతో నడిచిన ప్రచారం అది. పోలింగ్‌కు రెండు రోజుల ముందు మంత్రివర్గ సమావేశంలోనే లిబరల్ డెమోక్రాట్ మంత్రి క్రిస్ హ్యూన్ ఆ కరపత్రాల విషయమై కామెరాన్‌ను నిలదీశాడు.

ఫలితాల్లో 67.9 శాతం మంది మార్పు వద్దన్నారు. లిబరల్ డెమోక్రాట్లు దాదాపు 750 కౌన్సిల్ స్థానాలు పోగొట్టుకున్నారు. షెఫీల్డ్, న్యూకాజిల్, హల్ లేబర్ చేతికి వెళ్లాయి. మాంచెస్టర్‌లో వాళ్లు నిలబెట్టుకోవాల్సిన స్థానాల్లో ఒక్కటీ మిగల్లేదు. స్కాట్లండ్ పార్లమెంటులో వాళ్ల బలం ఐదుకు పడిపోగా, 129 స్థానాల్లో 69 గెలిచి స్కాటిష్ నేషనల్ పార్టీ సొంత మెజారిటీ సాధించింది. 2014 స్వాతంత్ర్య ప్రజాభిప్రాయ సేకరణకు దారి వేసిన ఫలితం ఇదే. ప్రభుత్వాన్ని నడుపుతున్న కన్జర్వేటివ్‌లకు మాత్రం కౌన్సిల్ స్థానాలు 80కి పైగా పెరిగాయి. కోతలకు బాధ్యులు ఇద్దరూ. శిక్ష పడింది ఒక్కరికి. అందులోనూ కోతల వేగం తగదని లేఖ రాసిన కౌన్సిలర్లకు! అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టయింది.

ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ ప్రజలకు 1980ల నాటి థాచర్ పాలన జ్ఞాపకాలు ఇంకా గట్టిగా ఉన్నాయని క్లెగ్ వివరణ ఇచ్చాడు. లేచి ముందుకు నడవడమే మార్గమని పార్టీని ఓదార్చాడు. ఆ పార్టీ మంత్రి విన్స్ కేబుల్ ఇంకా కటువుగా మాట్లాడాడు. కన్జర్వేటివ్‌లు దయాదాక్షిణ్యాలు లేనివాళ్లని, తమ కులం తమదే అన్నట్టు ఉంటారని అన్నాడు. అయినా సంకీర్ణం కొనసాగాల్సిందేనని అదే నోటితో చెప్పాడు. ఆ రోజు నుంచి క్లెగ్ వర్గం పద్ధతి మార్చింది. మిత్రపక్షంతో విభేదాలను దాచకుండా నలుగురిలో చూపించడం మొదలుపెట్టింది.

2012: కామెరాన్ వంతు

మార్చి బడ్జెట్‌లో అత్యధిక ఆదాయపు పన్ను రేటును 50 నుంచి 45 శాతానికి తగ్గిస్తూ, వేడివేడి పేస్ట్రీల మీద, పింఛనుదారుల మీద భారం వేయడంతో కన్జర్వేటివ్‌ల మీదికి కూడా కోపం మళ్లింది. మే 3 ఎన్నికల్లో వాళ్లు 400కు పైగా స్థానాలు, లిబరల్ డెమోక్రాట్లు 330కి పైగా కోల్పోయారు. లేబర్‌కు 800కు పైగా పెరిగాయి. 1988లో పార్టీ ఏర్పడ్డాక లిబరల్ డెమోక్రాట్ కౌన్సిలర్ల సంఖ్య 3,000కు దిగువకు రావడం అదే మొదటిసారి. ఎడిన్‌బరోలోని ఒక వార్డులో పెంగ్విన్ వేషంతో నిలబడిన స్వతంత్ర అభ్యర్థికి వాళ్ల అభ్యర్థి కంటే ఎక్కువ మొదటి ప్రాధాన్య ఓట్లు పడ్డాయి. లండన్ మేయరుగా బోరిస్ జాన్సన్ రెండోసారి గెలవడం ఒక్కటే కన్జర్వేటివ్‌లకు ఊరట. నేరుగా ఎన్నికయ్యే మేయర్లు కావాలా అని పది నగరాలను అడిగితే బ్రిస్టల్ ఒక్కటే సరేనంది.

ఇవి కష్టకాలపు ఫలితాలని కామెరాన్ అన్నాడు. కొద్దిరోజులకే ఇద్దరు నాయకులూ ఎసెక్స్‌లోని బాసిల్డన్ ట్రాక్టర్ ఫ్యాక్టరీకి వెళ్లి, కార్మికుల ముందు నిలబడి తమ ఒప్పందం చెక్కుచెదరలేదని ప్రకటించారు. రెండేళ్ల కిందట ప్రధాని నివాసపు తోటలో నవ్వుతూ ఇచ్చిన ప్రకటనకు, దీనికి పోలికే లేదు. కన్జర్వేటివ్ ఎంపీలు ఫలితాలకు తమ భాష్యం తాము చెప్పారు. ప్రభువుల సభ సంస్కరణ వంటివి పక్కన పెట్టి ఆర్థిక వ్యవస్థ చూడమన్నారు. జులైలో 91 మంది ఆ బిల్లు మీద తిరగబడ్డారు, ఆగస్టుకల్లా అది అటకెక్కింది. బదులుగా క్లెగ్ నియోజకవర్గాల పునర్విభజనను అడ్డుకున్నాడు.

2013, 2014: మూడో కోపం

2006లో కామెరాన్, ఐరోపా సమాఖ్యను వీడాలనే యూకే ఇండిపెండెన్స్ పార్టీ (యూకిప్) వాళ్లను పిచ్చివాళ్లు, లోలోపల జాతివివక్ష ఉన్నవాళ్లు అన్న అర్థంలో ఎగతాళి చేశాడు. 2013 మే 2 కౌంటీ ఎన్నికల ముందు కన్జర్వేటివ్ మంత్రి కెన్ క్లార్క్ కూడా వాళ్లను విదూషకులన్నాడు. ఓట్లు లెక్కపెట్టాక యూకిప్ ఖాతాలో 147 స్థానాలు తేలాయి. బీబీసీ అంచనాలో లేబర్‌కు 29 శాతం, కన్జర్వేటివ్‌లకు 25, యూకిప్‌కు 23, లిబరల్ డెమోక్రాట్లకు 14 శాతం వచ్చాయి. అదే రోజు సౌత్ షీల్డ్స్ పార్లమెంటు ఉప ఎన్నికలో లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థి 352 ఓట్లతో ఏడో స్థానంలో నిలిచాడు.

ప్రజలు ఎంచుకున్న పార్టీని తిట్టడం పనికిరాదని, ఆ ఓటర్లను గౌరవించాలని కామెరాన్ స్వరం మార్చాడు. ఈ మొత్తం చరిత్రలో ఎక్కువ పర్యవసానాలున్న ప్రతిస్పందన ఇదేనని చెప్పాలి. ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అన్నది ప్రజలనే అడుగుతానని ఆయన జనవరిలోనే మాటిచ్చాడు. మే ఫలితాలతో సొంత ఎంపీలకు ఆ మాట చాలలేదు. చట్టం కావాలని పట్టుబట్టారు. లిబరల్ డెమోక్రాట్లు ఒప్పుకోరు కాబట్టి ప్రభుత్వ బిల్లు పెట్టే వీల్లేదు. అందుకని కన్జర్వేటివ్ పార్టీ సొంతంగా ముసాయిదా అచ్చువేసింది. మరుసటి రోజే వందకు పైగా కన్జర్వేటివ్ ఎంపీలు తమ ప్రభుత్వపు శాసన కార్యక్రమం మీద విచారం తెలిపే సవరణకు ఓటేశారు. రోడ్లు, బడులు చూసే కౌంటీ కౌన్సిళ్లకు జరిగిన ఎన్నిక దేశాన్ని ఐరోపా ప్రశ్న వైపు నెట్టింది. దీన్ని ప్రజాస్వామ్యపు బలం అన్నా, కౌంటీలకు తమ ఎన్నిక తమకు దక్కకపోవడం అన్యాయమే.

2014లో స్థానిక ఎన్నికలను మే 22న ఐరోపా పార్లమెంటు ఎన్నికలతో కలిపి పెట్టారు. యూకిప్ ఎసెక్స్‌లో కన్జర్వేటివ్‌ల నుంచి, రోథరమ్‌లో లేబర్ నుంచి స్థానాలు లాక్కుంది. హామర్‌స్మిత్, క్రాయిడన్ లేబర్‌కు దక్కాయి. మూడు రోజుల తర్వాత వెలువడిన ఐరోపా ఫలితాల్లో యూకిప్ మొదటి స్థానంలో నిలవగా, లిబరల్ డెమోక్రాట్లకు పదకొండు స్థానాల్లో ఒక్కటి మిగిలింది. టీవీ కెమెరాల ముందు క్లెగ్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాయకుడు దిగిపోవాలని పార్టీలో కొందరు బహిరంగ లేఖ రాశారు. క్లెగ్ గెలవడని చూపించే సర్వేలు రహస్యంగా చేయించిన లార్డ్ ఓక్‌షాట్ పట్టుబడి పార్టీ వదిలిపోయాడు.

ఈ ఓటమిలోనూ రెండు చోట్ల పాత పద్ధతి పనిచేసింది. సటన్‌లో లిబరల్ డెమోక్రాట్లు 54 స్థానాల్లో 45 గెలిచారు. అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో, హ్యూన్ కేసులో చిక్కుకుని రాజీనామా చేసిన ఈస్ట్‌లీలో సైతం వాళ్ల పార్లమెంటు స్థానం నిలిచింది. ఈ రెండూ కౌన్సిలర్లు ఊరి పనిలో గట్టిగా పాతుకుపోయిన చోట్లు. దక్షిణాదిలోని ఈ రెండు చోట్లా వాళ్లు కన్జర్వేటివ్‌లతోనే తలపడేవాళ్లు. కాబట్టి లేబర్ వైపు జారిపోయే ఓటు అక్కడ తక్కువ.

2015, ఆ తర్వాత

2015 మే 7న సార్వత్రిక ఎన్నికలు, స్థానిక ఎన్నికలు ఒకేరోజు జరిగాయి. 57 మంది ఉన్న లిబరల్ డెమోక్రాట్ ఎంపీల్లో ఎనిమిది మంది మిగిలారు. మరో 400 కౌన్సిల్ స్థానాలు పోయాయి. ఐదేళ్లలో వాళ్ల కౌన్సిలర్ల సంఖ్య సగానికి తగ్గింది. కన్జర్వేటివ్‌లు పార్లమెంటులో సొంత మెజారిటీ సాధించడమే కాక, కౌన్సిళ్లలోనూ 500కు పైగా స్థానాలు పెంచుకున్నారు. క్లెగ్ మరుసటి రోజు నాయకత్వానికి రాజీనామా చేశాడు. లిబరల్ డెమోక్రాట్లు కోలుకోవడం మళ్లీ వార్డుల్లోనే మొదలైంది. 2014లో కోల్పోయిన కింగ్‌స్టన్‌ను 2018లో తిరిగి గెలుచుకున్నారు. 2019 మే ఎన్నికల్లో వాళ్ల కౌన్సిలర్లు 700కు పైగా పెరిగారు.