ఇంటి పీసీబీలకు తగరపు పూత

ఇంట్లో తయారుచేసుకున్న పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) మీది రాగి దారులు గాలికి నల్లబడకుండా, సోల్డర్ సులువుగా పట్టేలా వేసే పలుచని తగరపు పొర ఇది. ఎలక్ట్రానిక్స్ అభిరుచి గలవారు ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఎచింగ్ (అక్కర్లేని రాగిని కరిగించడం) ముగించి, బోర్డును శుభ్రంగా తోమి ఈ పూత వేస్తారు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో నీరు పరిశ్రమల వ్యర్థాలతో ఇప్పటికే దెబ్బతిన్నది కనుక, అక్కడ పూతతో పాటు మిగిలిన ద్రావణం సంగతీ చూడాలి.

చరిత్ర: పీసీబీకి ఆద్యుడెవరన్నది వివాదాంశం. కొందరు ఆల్బర్ట్ హాన్సన్ 1903 నాటి పేటెంటును, కొందరు పాల్ ఐస్లర్ ఇంగ్లండులో 1936 ప్రాంతంలో రేడియోకు అమర్చిన బోర్డును పేర్కొంటారు. నేటి ఎచింగ్ పద్ధతి వరకు ఐస్లర్ పేరే సమంజసం. తగరపు పూత అంతకన్నా పాతది; నవాసారం చల్లి పాత్రలకు వేసే కళాయి దీనికి పూర్వరూపం.

పద్ధతులు: మొదటిది ఫ్లక్స్ రాసి సోల్డరింగ్ ఐరన్‌తో సోల్డర్ పూయడం. 63:37 తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పొర గట్టిదే కానీ హెచ్చుతగ్గులుంటాయి. సన్నని దారులు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. రెండోది స్టానస్ క్లోరైడ్, థయోయూరియా, ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచడం. దీనికి కరెంటు అక్కర్లేదు. మామూలుగా తగరం రాగిని స్థానభ్రంశం చేయలేదు. థయోయూరియా రాగి అయాన్లను గట్టిగా పట్టుకోవడం వల్ల ఆ క్రమం తిరగబడుతుంది. రాగి కప్పుకుపోగానే చర్య మందగిస్తుంది కనుక మందం సాధారణంగా ఒక మైక్రోమీటరు దరిదాపుల్లో ఆగుతుంది. ఎక్కువసేపు ముంచితే ఎంతైనా పెరుగుతుందన్న మాట నమ్మదగినది కాదు. నిల్వలో రాగి, తగరం కలిసి మిశ్రమ సమ్మేళనాలుగా మారి పలుచని పొరను క్రమంగా తినేస్తాయి. అందువల్ల పూసిన బోర్డుకు వీలైనంత త్వరగా సోల్డరింగ్ చేయడం మేలు.

జాగ్రత్తలు: థయోయూరియాను ఐరోపా సమాఖ్య క్యాన్సర్ కారకమని అనుమానిస్తుంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం మనుషుల విషయంలో వర్గీకరించడానికి ఆధారాలు చాలవంటుంది. మొదటి అభిప్రాయాన్ని పాటించి చేతి తొడుగులు వేసుకోవడం, గాలి ఆడే చోట పనిచేయడం క్షేమం.

వ్యర్థాలు: పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసి పొలాలను, బావులను పాడుచేశాయి. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఇంటి వ్యర్థం పరిమాణంలో స్వల్పమే, కానీ రాగి కొద్ది మోతాదులోనూ చేపలకు విషం. వాడిన ఫెర్రిక్ క్లోరైడ్‌కు సున్నం కలిపితే రాగి, ఇనుము మడ్డిగా దిగుతాయి. పూత ద్రావణంలో థయోయూరియా రాగిని వదలదు కనుక ఆ ఉపాయం పూర్తిగా పనిచేయదు. అందుచేత రెండింటినీ వేర్వేరు ప్లాస్టిక్ సీసాల్లో పేరు రాసి ఉంచాలి. మడ్డినీ, పూత ద్రావణాన్నీ కాలువలో పోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికే అప్పగించాలి.