లోహశాసనములు: పాత సైనిక తుపాకులను చదువు విధము

శిలలమీదను రాగిరేకులమీదను చెక్కబడిన యక్షరములను చదువుట మన పండితులకు చిరకాలముగా నలవాటైన విద్య. ఏ రాజు ఏ యగ్రహార మిచ్చెనో, ఏ చెఱువు నెవరు త్రవ్వించిరో ఆ లేఖనములే మనకు చెప్పినవి. ఇనుముమీద వ్రాయబడిన మఱియొక శాసనజాతి కలదు. దానిని వ్రాయించినవారు కీర్తికొఱకు వ్రాయింపలేదు. లెక్కలకొఱకును, కర్మాగారపు పరీక్షలకొఱకును ముద్రలు వేయించిరి. ప్రశస్తిశ్లోకములయందు కానవచ్చు నతిశయోక్తి కిందు తావు లేదు. సైన్యములు వాడి విడిచిన పాత తుపాకులే యీ శాసనములు. ఇట్టి యాయుధమును తొలిసారి చేతబట్టినవాడు దానిని కాల్చుటకు ముందు చదువవలయు ననియు, అట్లు చదివినచో గ్రంథములయందు క్లుప్తముగా చెప్పబడిన యొక చరిత్ర విశదమగు ననియు నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

సైన్యమునకు క్రొత్త యాయుధము వచ్చినపుడు పాతది మొదట రెండవశ్రేణి దళములకును, పిమ్మట పోలీసులకును, తుదకు కొట్లకును చేరును. అచటినుండి కొన్ని కరగింపబడును, కొన్ని విక్రయింపబడును. ఇట్టి విక్రయములలో మన పొరుగున జరిగిన దొకటి ప్రసిద్ధము. ఖాట్మండునందలి లగన్ సిలేఖానా యను పాత ఆయుధాగారమున నేపాళరాజ్యము తరతరములుగా కూడబెట్టిన యాయుధములు 2003వ సంవత్సరమున నమెరికా వర్తకుల కమ్మబడెను. అందు తుపాకులే 50,000లకు మించియుండెను. చెకుముకిరాతి తుపాకులు మొదలుకొని ఎన్‌ఫీల్డు, స్నైడరు, మార్టినీ తరగతులవఱకును, నేపాళమునందే జనరల్ గహేంద్ర శంషేరు కల్పించిన తుపాకులతోగూడ, ఆ రాశిలో గలవు. అనేకముల లోహముమీద నాగరీలిపిలో నక్షరములును నంకెలును చెక్కబడియున్నవి. వానిని కొన్న పాశ్చాత్యు లనేకులకు నాగరి రాదు. మన బడులలో సంస్కృతము చెప్పు పండితునకు దాని పఠనము నిమిషమాత్రపు పని. తుపాకి చరిత్ర కేవలము సైనికుల సొత్తు కాదని చెప్పుట కీ యుదాహరణము చాలును.

చదువుటకు ముందు వంశవృక్ష మెఱుగవలయును. హిందూదేశమున నాంగ్లసైన్యము వాడిన తుపాకులలో 1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు రైఫిలు మూలపురుషునివంటిది. దాని గొట్టము పొడవు 39 అంగుళములు, రంధ్రవ్యాసము 0.577 అంగుళము. గొట్టములోపల మూడు చాళ్లు మెలిక తిరిగియుండుటచే వెలువడిన గుండు బొంగరమువలె తిరుగుచు గురి తప్పక దూరము పోవును. మందును గుండును కాగితపు పొట్లముగా చుట్టియుంచెడివారు. సిపాయి యా కాగితమును పంటితో చించి, మందును మూతినుండి పోసి, గుండును గజముతో దిగగొట్టవలయును. గుండు సులభముగా దిగుటకై పొట్లపు కొనకు కొవ్వు పూసిరి. ఆ కొవ్వు గోవుదియు పందిదియు నను శంక పుట్టుటయు, 1857 మార్చి 29వ తేదీన బారకుపూరున మంగళ పాండే తిరుగబడుటయు, మే 10వ తేదీన మీరటున సిపాయిలు లేచుటయు నెల్లరెఱిగినవే.

1866లో జేకబ్ స్నైడరను నమెరికాదేశస్థుని యుక్తిచే నీ తుపాకి వెనుకభాగమును కోసి, ప్రక్కకు తెఱచుకొను మూత నమర్చిరి. అంతట వెనుకనుండియే తూటా పెట్టుట సాధ్యమయ్యెను. 1871లో మార్టినీ-హెన్రీ వచ్చెను. 1888లో 0.303 అంగుళపు సన్ననిగొట్టమును, తూటాపెట్టెయు గల లీ-మెట్‌ఫర్డు వచ్చెను. తరువాత వాడుకలోనికి వచ్చిన పొగలేని మందు వేడిమికి మెట్‌ఫర్డు చాళ్లు త్వరగా నరిగిపోయినందున 1895లో లోతైన చాళ్లతో లీ-ఎన్‌ఫీల్డు పుట్టెను. 1907నాటి పొట్టి లీ-ఎన్‌ఫీల్డు మూడవ తరగతియే రెండు ప్రపంచయుద్ధముల పేరుగన్న 'త్రీ నాట్ త్రీ'. వంగదేశమునందలి ఇషాపూరు కర్మాగారము దానిని దశాబ్దములపాటు తయారుచేసెను.

ఇంతవఱకు చెప్పినది యంత్రముల చరిత్ర. మనుష్యుల చరిత్ర దానియడుగున నున్నది. ఉత్తర హిందూస్థానమున 18, 19 శతాబ్దములయందు కుంపిణీ సిపాయిని 'తిలంగా' యని పిలిచెడివారు. దక్షిణమున కుంపిణీ కొలువున చేరిన తెలుగుసిపాయిలను బట్టి వచ్చిన పే రది. వారి పటాలములు వంగదేశమునకు పోగా, క్రమముగా నే దేశమువాడైనను కుంపిణీ చొక్కా తొడిగినచో తిలంగాయే యయ్యెను. 1857లో తిరుగబడిన సిపాయిలను ఢిల్లీవాసు లీ పేరుతోడనే పేర్కొనిరి. ఆ తిలంగాల విషయమున ప్రభుత్వము తరువాత నేమి తలచినదో యినుముమీద వ్రాయబడియున్నది.

తిరుగుబా టణగిన పిమ్మట స్వదేశ సిపాయిలకు 1858వ సంవత్సరపు నమూనా తుపాకి యియ్యబడెను. పైకి చూచిన నది ఎన్‌ఫీల్డు రైఫిలే. అదే కొయ్య, అదే పొడవు, అవే యిత్తడి తొడుగులు. గొట్టమును మాత్రము లోపల తొలిచి చాళ్లను తుడిచివేసిరి. 0.577 అంగుళముగా నుండిన రంధ్రము 0.656 అంగుళ మయ్యెను. దూరమునకు తగినట్లు పై కెత్తుకొను గురిపలకను తీసివేసి యొక చిన్న స్థిరమైన దిమ్మను పెట్టిరి. చాళ్లు లేని గొట్టమునుండి వెడలిన గుండు తిన్నగా దూరము పోదు. సిపాయి భుజముపై తుపాకి యున్నది. ఆంగ్లసైనికుని తుపాకితో పోరగల శక్తి దానికి లేదు. మితిమీఱి తొలుచుటచే గొట్టపుగోడలు పలుచనై వంగుచుండగా 1859లో మందమైన గొట్టముతో మఱియొక నమూనా చేయవలసివచ్చెను. చాళ్లను మాత్రము మరల నీయలేదు.

తొలుచుటకు ముందును తరువాతను గల వ్యాసముల యంతరము సుమారు రెండు మిల్లీమీటర్లు. ఒక సామ్రాజ్యమునకు తన సేవకులయం దుండిన భయము యొక్క కొలత యది. నేడు తెలియనివాడు అట్టి గొట్టములోనికి చూచి, చాళ్లు కానరాక, 'వాడివాడి యరిగినది' యని తీర్మానించును. కొలబద్ద పెట్టి చూచినవాడు మాత్రము, ఇది కాలము చేసిన పని కాదనియు, ఆజ్ఞ చేసిన పని యనియు గ్రహించును. శాసనపాఠమున నొక్క యక్షరభేదముచే దాత మాఱునట్లే యిచట రెండు మిల్లీమీటర్లచే నర్థము మాఱుచున్నది.

ఈ నీతి యొక్కనాటితో ముగియలేదు. ఆంగ్లదళములకు స్నైడరు లిచ్చిన తరువాతను స్వదేశదళములు కొంతకాలము మూతినుండి నింపు తుపాకులనే మోసెను. ఆంగ్లదళములు మార్టినీలను గైకొన్న పిమ్మట వీరికి స్నైడరులు వచ్చెను, వారికి 0.303 తుపాకులు వచ్చిన పిమ్మట వీరికి మార్టినీలు దక్కెను. పర్వతదళములవంటి కొన్నిటిని మినహాయించి ఫిరంగులును స్వదేశీయుల చేతినుండి తొలగింపబడెను. 1914లో ఫ్రాన్సున మార్సేల్సు రేవున దిగిన హిందూసైనికులు తాము తెచ్చిన తుపాకుల నచట విడిచి, క్రొత్త తుపాకులను క్రొత్త తరగతి తూటాలను గైకొని యుద్ధరంగమునకు పోయిరి. ఒక్క మెట్టు వెనుక నుంచు పద్ధతి కవసరమే స్వస్తి చెప్పించెను.

పౌరులకైన కట్టడి యింకను తీవ్రము. 1878వ సంవత్సరపు ఆయుధచట్టముచే ననుమతిపత్రము లేక తుపాకి యుంచుకొనుట నేరమయ్యెను. గ్రామప్రాంతములందు ఆయుధ మున్న చోటు పోలీసుఠాణాయే. మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను తూటాలను గైకొనుటకు గల కారణ మీ చట్టము నెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇషాపూరున పోలీసులకును కాపలాదళములకును చేయబడిన 0.410 అంగుళపు 'మస్కెట్టు' పైజెప్పిన 1858 నమూనాకు మనుమనివంటిది. రూపమున నది త్రీ నాట్ త్రీయే, గొట్టమున చాళ్లుండవు, తూటాపెట్టె స్థానమున కొయ్యదిమ్మ బిగింపబడియుండుటచే నొక్కొక్క తూటాయే పెట్టవలయును. రూపమునుబట్టి దీనిని రైఫిలనుకొని సైనికపు తూటా పెట్టువాడు తన ప్రాణమునే పందెమొడ్డును. పాఠభేదము నెఱుగని పండితుడు నవ్వులపాలగును; తూటాభేదము నెఱుగనివాడు కన్నో చేయో పోగొట్టుకొనును.

ఇక పఠనవిధానము. తుపాకి మూతిని మనుష్యులులేని దిక్కునకు త్రిప్పి, మీటను తాకక, గదిని తెఱచి, లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను రూఢిచేసికొనుట మొదటిది. నూఱేండ్ల తుపాకి యైనను నిండియుండవచ్చు నన్నదే సూత్రము. రెండవది, తుడుచుటకు ముందు చూచుట. లీ-ఎన్‌ఫీల్డునందు ప్రధానలేఖనము మడమకొయ్య లోహముతో కలియుచోట కుడిప్రక్క నుండును: కిరీటము, దానిక్రింద రాజనామపు పొడియక్షరములు, కర్మాగారము, సంవత్సరము, తరగతి. ఇంగ్లండున చేసినదానిపై 'జి.ఆర్.' యని రెండక్షరములే యుండగా ఇషాపూరు తుపాకిపై 'జి.ఆర్.ఐ.' యని మూడుండును. ఆ మూడవ యక్షరము చక్రవర్తి యనుటకు గుర్తు. అచట రాజైనవా డిచట చక్రవర్తి. గణతంత్ర మేర్పడిన పిమ్మట 1950 తరువాతి తుపాకులపై నా స్థానమున అశోకస్తంభపు సింహములు నిలిచెను. రాజ్యపరివర్తన మింత సంగ్రహముగా వ్రాయబడిన తావు మఱియొకటి యరుదు.

మూడవది, చిన్నముద్రలు. బాణపుమొన ప్రభుత్వపు సొత్తనుటకు గుర్తు; దానితో 'ఐ' యక్షర మున్నచో హిందూప్రభుత్వపుది. రెండు బాణములు మొనలు తాకునట్లు వేయబడియున్నచో కొలువునుండి విడిచి విక్రయింపబడిన దని యర్థము. 'డి.పి.' యన్నది కవాతుకు మాత్రమే పనికివచ్చు ననుట, దానిని కాల్చరాదు. 'ఎఫ్.ఆర్.' యన్నది కర్మాగారమున మరమ్మతు జరిగిన దనుట. దాని ప్రక్కనున్న సంవత్సరమును పుట్టినసంవత్సరముగా భ్రమింపరాదు. పాత మడమలమీద నుండు నిత్తడిబిళ్లపై పటాలపు పేరును తుపాకి సంఖ్యయు నుండవచ్చును. నాలుగవది, గొట్టము, మూలలోహము, బోల్టు వీనిపై నంకెలు సమానముగా నున్నవో లేవో చూచుట. భిన్నముగా నున్నచో నది యతుకుపడిన ప్రతి. తూటా వెనుక నుండవలసిన సందు సరిగా నున్నదో లేదో తుపాకిపని తెలిసినవాడు కొలిచి చెప్పువఱకు దానిని కాల్చుట తగదు.

రక్షణవిషయమున రెండు మాటలు. పాత సైనికపు తూటాల రంజకమున పొటాసియము క్లోరేటు వాడిరి. అది మండినపిమ్మట గొట్టమున నుప్పువంటి పదార్థము మిగిలి, గాలిలోని తేమను పీల్చి, త్వరలోనే త్రుప్పు పట్టించును. నూనె యా యుప్పును కరగింపలేదు, నీరు కరగించును. కావున ముందు నీటితో కడిగి, బాగుగా నారబెట్టి, పిదప నూనె రాయవలయును. ఇంతకంటె ముఖ్యమైనది: ఆకురాయితోను గరుకుకాగితముతోను లోహమును కొయ్యను రుద్ది మెఱుపించువా డుపకారము చేయుచున్నానని తలచి శాసనమును గీకివేయుచున్నాడు. అక్షర మొకసారి పోయినచో నే విద్యయు దానిని తిరిగి తేజాలదు.

మన దేశమున సామాన్యుడు వీనిని సంపాదించుట కవకాశము లేదు. 1878 చట్టము పోయి 1959 చట్టము వచ్చినను, 0.303 మొదలగు సైనికపరిమాణములును, 0.410 మస్కెట్టును నిషిద్ధతరగతిలోనివే. వ్యక్తులకొఱకు 0.315 అంగుళపు వేఱొక తుపాకి యిషాపూరుననే చేయబడుట కిదియే కారణము. కాని చదువుటకు సొంతము చేసికొన నక్కఱలేదు. తామ్రశాసనము నెవరును జేబులో వేసికొని చదువరు. పురావస్తుశాలలలోను, పోలీసుల ఆయుధాగారములలోను ఇవి యున్నవి. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 జనవరి 26వ తేదీన త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికిరి. కొలువు వీడిన యాయుధము కొలిమి చేరుట కెంతోకాలము పట్టదు.

కావున అధికారుల యనుమతితో, వారి సమక్షమున, ఆ ముద్రలను నకలు వ్రాసికొనుటయు, ఛాయాచిత్రములు తీయుటయు, రంధ్రపు కొలతలు గైకొనుటయు పరిశోధకుల విధి. ఇందుకు కావలసినది కొలబద్దయు, దీపమును, ఓర్పును మాత్రమే. సిపాయి తన కథను వ్రాసికొనిన గ్రంథములు మిక్కిలి యరుదు. అతని చేత నుంచబడిన యినుముపై నతని యజమానులు వ్రాసిన యీ పంక్తులైనను కొలిమిపాలు కాకమునుపే చదువబడుగాక.