సాక్చి ఉక్కు, బెంగళూరు కందిరీగ: మౌలిక పరిశోధనపై ఒక వ్యాస పాఠం

జంషెడ్‌పూర్ అనగానే మన నోట్సులో ఉండేవి నాలుగు ముక్కలు: 1907లో టాటా ఉక్కు కంపెనీ, సాక్చి గ్రామం, 1912లో తొలి ఉక్కు, 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి పెట్టిన కొత్త పేరు. ప్రిలిమ్స్‌కి ఇవి చాలు. మెయిన్స్‌లో "వెంటనే ఉపయోగం కనిపించని పరిశోధనకు దేశం డబ్బు ఎందుకు పెట్టాలి?" అని అడిగితే మాత్రం చాలవు. ఈ రోజు అదే జంషెడ్‌పూర్ నుంచి బయలుదేరి ఒక కందిరీగ గూటి దాకా వెళ్దాం.

ఒక దాత, రెండు సంస్థలు

జంషెట్జీ టాటా 1904లో చనిపోయారు. కర్మాగారాన్నీ చూడలేదు, తాను కలగన్న విజ్ఞాన సంస్థనూ చూడలేదు. పరిశోధన విశ్వవిద్యాలయం కోసం సుమారు 30 లక్షల రూపాయల విలువైన ఆస్తి ఇస్తానని ఆయన ముందుకొచ్చారు. 1898లో ఆ ప్రతిపాదన అందుకున్న కర్జన్ ప్రభుత్వం చాలాకాలం తటపటాయించింది. చివరకు మైసూరు సంస్థానం 370 ఎకరాలకు పైగా భూమి ఇవ్వగా, 1909లో బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఏర్పడింది.

జంషెడ్‌పూర్‌లో పెట్టుబడికి ఐదేళ్లలో ఉక్కు వచ్చింది. 1950లో అక్కడే జాతీయ లోహ పరిశోధనశాల వచ్చింది. దాని అవసరం ఎవరికైనా అర్థమవుతుంది. బెంగళూరు సంస్థ కూడా మొదట పరిశ్రమకు పనికొచ్చే రసాయన, విద్యుత్ శాస్త్రాలతోనే మొదలైంది. అక్కడ ఒకరోజు కందిరీగల కుటుంబాలను లెక్కిస్తారని ఎవరూ ఊహించి ఉండరు.

డార్విన్ చిక్కుముడి

ఇంతకీ ఆ లెక్క దేనికి? కూలి ఈగ, శ్రామిక చీమ సాధారణంగా తమ సంతానాన్ని కనవు. రాణి పిల్లల్ని పెంచుతూ బతుకు ముగిస్తాయి. సంతానమే లేని జీవి లక్షణాలు తర్వాతి తరానికి ఎలా చేరతాయి? 1859లోనే డార్విన్ దీన్ని తన సిద్ధాంతానికి ప్రత్యేకమైన కష్టంగా గుర్తించాడు. ప్రకృతి వరణం కుటుంబం మీద కూడా పనిచేస్తుందని సమాధానం చెప్పాడు. అయితే అప్పటికి జన్యుశాస్త్రం లేదు.

ఆ లోటు తీర్చడంలో మన దేశంతో ముడిపడిన పేరు జె.బి.ఎస్. హాల్డేన్. దగ్గరి బంధువుల కోసం చేసే త్యాగం జన్యువుల లెక్కలో నష్టం కాకపోవచ్చని 1932లోనూ, మళ్లీ 1955లోనూ సూచించాడు. 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చి, 1961లో భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన దగ్గర పనిచేసినవారిలో మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. లాంటానా పూలపై సీతాకోకచిలుకలు రంగును బట్టి ఎలా వాలుతాయో ఆయన గమనించారు. ఖరీదైన పరికరాలు లేకుండా, ఓపికగా చూసి లెక్కపెట్టే పని అది.

3/4 ఎక్కడి నుంచి వచ్చింది?

1964లోనే డబ్ల్యూ.డి. హామిల్టన్ సూత్రం ఇచ్చాడు: బంధుత్వ నిష్పత్తిని బంధువుకు కలిగే లాభంతో గుణిస్తే, అది తనకు కలిగే నష్టం కన్నా ఎక్కువైతే త్యాగగుణం నిలుస్తుంది. చీమలు, తేనెటీగలు, కందిరీగల్లో మగవి ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి పుడతాయి. అందుకే ఏకస్థితికాలు. తండ్రి జన్యువులన్నీ ప్రతి కూతురికీ చేరతాయి. కాబట్టి అక్కచెల్లెళ్ల మధ్య బంధుత్వం 3/4, తల్లీకూతుళ్ల మధ్య 1/2. సొంత కూతురి కన్నా చెల్లెలిని పెంచడమే లాభం!

చాలామంది జవాబు ఇక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి. రాణి ఒకే మగదానితో జతకడితేనే 3/4 వస్తుంది. సోదరుడితో బంధుత్వం 1/4 మాత్రమే. చెదపురుగుల్లో ఆడ, మగ రెండూ ద్వయస్థితికాలే. అయినా వాటికీ రాణి, శ్రామికులు ఉన్నాయి.

బెంగళూరు జవాబు

రాఘవేంద్ర గడగ్కర్ 1979లో భారతీయ విజ్ఞాన సంస్థలో అణుజీవశాస్త్రంలో పీహెచ్‌డీ పొంది, ఆ తర్వాత దక్షిణ భారతంలో విరివిగా కనిపించే రొపాలిడియా మార్జినేటా అనే కందిరీగను దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఒక్కో కందిరీగకు రంగు చుక్కలు పెట్టి, దేని పని ఏమిటో నమోదు చేశారు. రాణులు ఒకటికి మించిన మగవాటితో జతకడతాయని, ఒకే గూటిలో రాణులు మారుతుంటాయని తేలింది. కాబట్టి శ్రామికుల మధ్య బంధుత్వం 3/4 కన్నా బాగా తక్కువ. అయినా అవి గూడు వదలవు.

ఎందుకు? ఒంటరిగా గూడు పెట్టిన కందిరీగ మధ్యలో చనిపోతే దాని పిల్లలూ పోతాయి. గుంపులో ఉంటే మొదలుపెట్టిన పెంపకాన్ని మిగతావి పూర్తి చేస్తాయి. బంధుత్వం ఒక్కటే కాదు, బతికే అవకాశాలూ లెక్కలోకి వస్తాయన్నమాట. 1993లో ఆయనకు భట్నాగర్ పురస్కారం లభించింది.

వ్యాసంలో ఎలా వాడాలి?

సూత్రాన్ని కొట్టిపారేసినట్టు రాయకండి. హామిల్టన్ సూత్రం నిలిచే ఉంది. 3/4 ఒక్కటే సరిపోతుందన్న తొందరపాటే సడలింది. ఎథిక్స్ పేపర్లో "చీమలు త్యాగం చేస్తున్నాయి, మనమూ చేయాలి" అనీ రాయకండి. ఇక్కడ త్యాగం అంటే సంతాన లెక్క, నీతి కాదు.

నిధుల ప్రశ్నకు మాత్రం ఇది గట్టి ఆధారం. 1909లో పెట్టిన సంస్థలో ఈ జవాబు దొరకడానికి ఏడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఐదేళ్ల గడువు పెట్టి ఉంటే జంషెడ్‌పూర్ మిగిలేది, కందిరీగ మిగిలేది కాదు.

సాధన ప్రశ్న: "ఉపయోగం ముందే తెలిసిన పరిశోధనకే ప్రజాధనం ఖర్చు చేయాలి." పై రెండు సంస్థల ఉదాహరణతో 250 పదాల్లో చర్చించండి.