ఏప్రిల్–అక్టోబరు కొలబద్దలో ఓడిన ద్రాక్ష: హైదరాబాద్ పందిళ్లు, బరోలో కొండలు

హైదరాబాద్ ద్రాక్ష తినడానికే గానీ ఏళ్లతరబడి నిలిచే వైన్‌కు పనికిరాదన్న మాట మన ఉద్యాన శాస్త్ర చర్చల్లో ఎప్పుడో ఖాయమైపోయింది. కారణం అడిగితే ఎండ అంటారు. తార్నాక దాటి ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్, కీసర వైపు వెళ్లి, ఒకప్పటి ద్రాక్ష రైతులతో మాట్లాడినకొద్దీ ఈ వ్యాసకర్తకు ఆ తీర్పు మీద అనుమానం బలపడింది.

తీర్పుకు మూలం కాలిఫోర్నియాలో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆమెరిన్, వింక్లర్ 1944లో ఒక పద్ధతి ప్రకటించారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజువారీ సగటు ఉష్ణోగ్రతలో 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైబడినదంతా కూడి, ద్రాక్ష ప్రాంతాలను ఐదు తరగతులు చేశారు. మొత్తం 4,000 దాటితే ఐదో తరగతి. మేలిరకం నిలవ వైన్ మీద ఆశ వదులుకోవలసిందే. హైదరాబాద్ ఆ హద్దును అవలీలగా దాటుతుంది. మనవాళ్లు అక్కడితో పుస్తకం మూసేశారు.

కానీ ఆ ఏడు నెలల్లో చాలాభాగం మన తీగ మీద గుత్తే ఉండదు! ఇక్కడ ఏడాదికి రెండు కత్తిరింపులు. కాపు దిగాక ఏప్రిల్‌లో మొదటిది. ఆ తర్వాత వచ్చిన కొమ్మల్లోనే వచ్చే కాపు మొగ్గలు రూపుకడతాయి. అక్టోబరు కత్తిరింపుతో చిగురు, పూత, ఫిబ్రవరి–మార్చిలో కోత. పిందె కట్టి కాయ ఎదిగే డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు సగటున 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. గుత్తి లేని వేసవిని లెక్కలో వేసి, గుత్తి పెరిగే చలికాలాన్ని వదిలేసిన కొలత ఇది. చలికి తీగ నిద్రపోయే దేశం కోసం చేసిన లెక్కను ఏడాది పొడవునా పచ్చగా ఉండే పందిరికి అంటగట్టడం వింక్లర్ తప్పు కాదు; చూడకుండా ఎత్తి రాసుకున్నవారిది.

ఏళ్లతరబడి నిలిచే వైన్‌కు అసలు ఏం కావాలో చూడటానికి ఇప్పుడు బరోలో వైన్ సంగతి. ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగె కొండల్లో పదకొండు గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతోనే ఈ వైన్ చేయాలి. ఈ రకం అందరికంటే ముందు చిగురిస్తుంది, అందరికంటే ఆలస్యంగా పండుతుంది, కోత అక్టోబరులో. రంగు పలచన. రుచి చూస్తే మాత్రం కొత్తల్లో పచ్చి నేరేడు కొరికినట్టు నోరంతా వగరు. ఆ వగరూ, దాని వెనకున్న పులుపూ కలిసే వైన్‌ను ఇరవై, ముప్ఫై ఏళ్లు నిలబెడతాయి. చట్టం ప్రకారం కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగితేగానీ సీసా మార్కెట్‌కు రాకూడదు. రిజర్వా అయితే 62 నెలలు. పెద్ద పాత పీపాలా, చిన్న ఫ్రెంచి పీపాలా అని 1980ల్లో, 90ల్లో అక్కడివాళ్లు రెండు వర్గాలుగా తగవులాడుకున్నారు గానీ, ఆగాలన్న దగ్గర పేచీ లేదు. 1980లో ఈ వైన్‌కు ఇటలీలోని అత్యున్నత శ్రేణి గుర్తింపు దక్కింది.

38 నెలలు పెట్టుబడి కదలకుండా పడి ఉండాలంటే రాజ్యం మాట మీద నిలబడాలి, భూమి చేతిలో ఉండాలి. మనకు రెండూ కరువు. 1990ల ఆరంభంలో దూబగుంట మహిళలు లేవనెత్తిన సారా వ్యతిరేక ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది; 1997లో ఎత్తేశారు. ఉద్యమాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అది సారా మీద పోరాటం. చట్టం మాత్రం ద్రాక్ష వైన్‌నూ అదే గాటన కట్టేసింది. సరిగ్గా ఆ దశాబ్దం చివర్లోనే నాశిక్‌లో సులా వైనరీ వేళ్లూనుకుంది, 2001లో మహారాష్ట్ర ద్రాక్ష వైన్‌కు ప్రత్యేక విధానం ప్రకటించింది. నాశిక్, హైదరాబాద్ రెండూ సముద్రమట్టానికి 500–600 మీటర్ల ఎత్తులో ఉన్నవే. తేడా చేసింది ఎండ కాదు, ఎక్సైజు చట్టం.

భూమి కథ ఇంకా పొట్టిది. కీసర దారిలో ఒక వెంచర్ చుట్టూ పాతిన రాతి కడీలను దగ్గరగా చూస్తే, తల దగ్గర పందిరి తీగలు ఒరుసుకున్న గాళ్లు కనిపిస్తాయి. తోట పోయి ప్లాట్లు వచ్చాయి, కడీలు కంచెకు పనికొచ్చాయి.

1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ తన తోటలో నాటించగా ఇక్కడ పాతుకున్న అనాబ్–ఎ–షాహి పెద్ద గింజల తెల్లద్రాక్ష గనుక ఎర్ర వైన్‌కు అక్కరకు రాదన్నది నిజమే. ఆల్బా అక్టోబరు రాత్రులు మన జనవరికంటే చల్లన అన్నదీ ఒప్పుకోవాలి. అయినా అవి రకం ఎంపికకు సంబంధించిన చిక్కులు, నేల తప్పులు కావు. పీడ్‌మాంట్‌కు దొరికిన చట్టం, భూభద్రత దొరికి ఉంటే ఘట్‌కేసర్ పేరు కూడా సీసాల మీద ఉండేది.

రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధకులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉష్ణోగ్రతలతో 1944 నాటి లెక్కను తిరిగి కట్టాలి, అరెకరంలో నెబ్బియోలో నాటి చూడాలి. ఆ ఫలితం వచ్చేదాకా ‘హైదరాబాద్ ఎండ’ వాక్యాన్ని సిద్ధాంత గ్రంథాల్లో ఉటంకించడం ఆపాలి.