అబ్రాహాము బాట తాపీ ఒడ్డు దాకా

ఆదికాండంలో అబ్రాహాము నడిచిన దారిని పటం మీద గీస్తే, ఒంటె బిడారుల దారే కనిపిస్తుంది. మొదలు కల్దీయుల ‘ఊరు’ అనే పట్టణం. దక్షిణ ఇరాక్‌లో నాసిరియా దగ్గరి దిబ్బల్ని పురావస్తు శాస్త్రవేత్త లియోనార్డ్ వూలీ 1922 నుంచి 1934 దాకా తవ్వించి, ఆ పట్టణం ఇదేనన్నాడు. అందరూ ఒప్పుకోలేదు. అసలు అబ్రాహాము, అతని కొడుకు ఇస్సాకు, మనవడు యాకోబు ఉన్నారనడానికే బైబిలు బయట ఆధారం దొరకలేదు. తర్వాతి మజిలీ హారాను, ఇప్పటి టర్కీలో ఉంది. అక్కడి నుంచి కనానుకు దిగే దారిలో అలెప్పో తగులుతుంది. ఆదికాండంలో ఆ పేరు లేకపోయినా, అబ్రాహాము తమ కోటగుట్ట మీద పాలు పితికి పేదలకు పంచాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సీతమ్మ జలకాలాడిన గుండం మనకు ఊరూరా ఉన్నట్టే!

ఈ కథల్లో వ్యాపారం ఎక్కువే. యాకోబు కొడుకు యోసేపును అన్నలు 20 తులాల వెండికి అమ్మేసింది గుగ్గిలం, మస్తకి, బోళం ఐగుప్తుకు మోసుకెళ్తున్న ఇష్మాయేలీయులకు. అబ్రాహాము భార్య శారా చనిపోయినప్పటి బేరం ఇంకా రంజుగా ఉంటుంది. హెబ్రోనులో పరదేశిగా ఉన్న అబ్రాహాము, సమాధికి మక్పేలా గుహ కావాలంటాడు. హిత్తీయుడైన ఎఫ్రోను ఊరి పెద్దలందరి ముందూ ఊరికే తీసుకోమంటాడు. ఆ మర్యాదలోనే, పొలం ఖరీదు 400 తులాల వెండే కదా, మన మధ్య అదెంత అంటూ ధర జారవిడుస్తాడు. అబ్రాహాము బేరమాడకుండా తూచి ఇచ్చేస్తాడు. దేశమంతా నీదేనని దేవుడు మాటిచ్చిన మనిషి అక్కడ సొమ్ము పెట్టి కొన్న మొదటి నేల శ్మశానమే.

అబ్రాహాము పేరు మోసుకుంటూ ఆ బిడారుల దారి సముద్రం దాటి, తాపీ ఒడ్డున ఉన్న సూరత్ చేరింది. మొగలుల కాలంలో హజ్ ఓడలు ఇక్కడి నుంచే జిద్దాకు వెళ్లేవి. మక్కాలో కాబాను కట్టింది ఇబ్రాహీం (అబ్రాహామే), ఆయన కొడుకు ఇస్మాయీల్ అని ముస్లింల విశ్వాసం. యాత్రికుల కోసం 1644లో కట్టిన మొగల్ సరాయ్‌లో ఇప్పుడు నగరపాలక సంస్థ కార్యాలయం నడుస్తోంది.

యాత్రికులు అటు వెళ్తుంటే, అబ్రాహామును మూలపురుషుడిగా చెప్పుకునే యూదు వర్తకులు ఇటు వచ్చారు. ఇక్కడ స్థిరపడ్డ తొలి బాగ్దాదీ యూదుడిగా చెప్పేది 1730లో వచ్చిన జోసెఫ్ సెమాను. ఆ శతాబ్దం చివరికి అలెప్పో, బాగ్దాద్, బస్రాల నుంచి వచ్చినవాళ్లు వందకు దగ్గరయ్యారు. ఇళ్లలో అరబ్బీ మాట్లాడేవారు. ప్రార్థనకు మందిరం కట్టుకున్నారు, పరదేశంలో పోయినవాళ్ల కోసం శ్మశానమూ ఏర్పాటు చేసుకున్నారు.

తాపీ ముఖద్వారంలో ఇసుక మేట వేసింది, బొంబాయి పెరిగింది. వర్తకులు రేవు మార్చారు. అలెప్పోలో పుట్టిన షాలోమ్ కోహెన్ 1792లో సూరత్‌లో దిగాడు, 1798కల్లా కలకత్తా చేరాడు. రత్నాల వ్యాపారంలో లక్నో నవాబు దర్బారు దాకా వెళ్లాడు. కలకత్తా యూదుల చరిత్రను ఆయనతోనే మొదలుపెడతారు. సూరత్‌లో గడిపిన ఆరేళ్లకు అందులో దక్కేది మహా అయితే ఒక పేరా.