విషమునకు కొలబద్ద

"ఆకుపసరే కదా, చెట్టుమందే కదా, దీనివలన హాని యేమి?" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడును. ఈ మాటలో నిజము సగమే. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మన ఊరి పొలిమేరలలో పెరుగునవే. కాని పశువుల కాపరి తన మందను గన్నేరు పొద దరికి పోనీయడు. ముష్టిగింజను శుద్ధి చేయనిదే వైద్యుడు మందులో కలుపడు. చెట్టు తన ఆకులోను, గింజలోను దాచుకొన్న రసాయనములను మన కొరకు తయారు చేయలేదు. తన్ను తినవచ్చు పురుగులనుండి, జంతువులనుండి కాపాడుకొనుటకు అది వానిని సమకూర్చుకొన్నది.

ఒకే పదార్థము తక్కువ మోతాదులో మందు, ఎక్కువ మోతాదులో విషము కాగలదని 16వ శతాబ్దమున పారసెల్సస్ అను వైద్యుడు చెప్పెను. అయితే "ఎక్కువ" యనగా ఎంత? ఈ చిన్న ప్రశ్నకు అంకెలలో సమాధానము చెప్పుట మానవునికి ఇంకను మూడు వందల సంవత్సరములకు పైగా చేతగాలేదు. ఆ అంకె ఎట్లు పుట్టినదో, దానివలన కలిగిన మేలేమో, దానిని అతిగా నమ్మినందువలన జరిగిన తప్పు లేమో తెలిసికొనుట విద్యార్థులకు చాలా ఉపయోగకరము.

ఒక ముసలమ్మ మందు

1775లో ఇంగ్లండు దేశపు వైద్యుడైన విలియం విదరింగు వద్దకు ఒక నాటుమందు సంగతి వచ్చెను. ష్రాప్‌షైర్ ప్రాంతమున ఒక ముసలమ్మ కాళ్లవాపు, ఒంటినీరు కల రోగులకు ఒక మందు ఇచ్చుచుండెను. పెద్ద వైద్యులు వదలివేసిన రోగులలో కొందరు ఆ మందుతో కోలుకొనుచుండిరి. అందులో ఇరువదికి పైగా మూలికలున్నను, పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ ఆకు ఒక్కటే యని విదరింగు పసిగట్టెను. ఈ మొక్క శాస్త్రీయ నామము డిజిటాలిస్ పర్పూరియా.

తరువాత పది సంవత్సరములు అతడు ఆ ఆకును తన రోగులకిచ్చి, ప్రతి రోగి వృత్తాంతమును వ్రాసియుంచెను. 1785లో ప్రకటించిన గ్రంథమున 163 మంది రోగుల వివరములు కలవు. మేలు పొందినవారి సంగతులనే కాక, మందు వికటించినవారి సంగతులను కూడ అతడు దాచక వ్రాసెను. మొదట అతడిచ్చిన మోతాదులు మితిమీరినవి. రోగులకు వాంతులు, విరేచనములు కలిగెను, నాడి మందగించెను, చూపు పసుపుపచ్చగా మారెను. అప్పుడతడు మోతాదును తగ్గించి, కొద్దికొద్దిగా పెంచుచు, విషలక్షణము కనబడిన వెంటనే ఆపవలెనని నిర్ణయించెను.

అయినను ఒక చిక్కు మిగిలిపోయెను. ఒక చేనిలోని ఆకు వలె మరియొక చేనిలోని ఆకు పనిచేయదు. కోసిన కాలమునుబట్టి, ఎండబెట్టిన తీరునుబట్టి దాని బలము మారును. అందుచేతనే విదరింగు మొక్క పూతకు వచ్చు సమయమున కోసిన ఆకునే ఎండబెట్టి, పొడిచేసి వాడుమని చెప్పెను. మందునకు, విషమునకు నడుమ ఎడము చాల తక్కువయైన పదార్థమునకు ఈ జాగ్రత్త చాలదు. ఈ సీసాలోని మందు ఆ సీసాలోని మందు కంటె ఎన్ని రెట్లు బలమైనదో తెలియకున్నచో రోగి ప్రాణము అదృష్టము మీద ఆధారపడును.

కప్ప కొలత, పిల్లి కొలత

20వ శతాబ్ద ప్రారంభమున డిజిటాలిస్ ఆకులోని పదార్థములను విడదీసి తూచు రసాయన పద్ధతి ఏదియు నమ్మదగినదిగా లేదు. కనుక శాస్త్రజ్ఞులు ప్రాణినే త్రాసుగా వాడిరి. ఆకుసారమును కప్పలకు సూదిద్వారా ఎక్కించి, చంపుటకు చాలిన అత్యల్ప మోతాదును చూచి, దానిని "కప్ప కొలత"గా పెట్టుకొనిరి. 1910లో అమెరికాలో హాచర్, బ్రాడీ అనువారు పిల్లి రక్తనాళములోనికి సారమును మెల్లగా పంపుచు, గుండె ఆగుటకు కిలోగ్రాము బరువునకు ఎంత కావలెనో లెక్కించి, దానిని "పిల్లి కొలత" యనిరి.

ఈ కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. చలికాలపు కప్పకు, ఎండకాలపు కప్పకు తేడా. ఒక ప్రయోగశాల కప్పకు, వేరొక ప్రయోగశాల కప్పకు తేడా. ఒకే పెట్టెలోని కప్పలలో కూడ ఒకటి చచ్చును, మరియొకటి అదే మోతాదునకు బ్రతుకును. లోపము చేతిపనిలో లేదు, ప్రశ్నలోనే యున్నది. దీనిని గ్రహించినవాడు జాన్ విలియం ట్రెవన్.

ట్రెవన్ గీసిన రేఖ

లండను సమీపమున వెల్‌కం శరీరధర్మ పరిశోధనశాలలో పనిచేయుచుండిన ట్రెవన్ 1927లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. విషత్వ నిర్ణయములో వచ్చు దోషమెంత యనునది దాని విషయము. "చంపుటకు చాలిన అత్యల్ప మోతాదు" అను మాటకు నిలుకడయైన అర్థము లేదని అతడు చూపెను.

అతని తర్కమును ఒక ఊహాజనిత ఉదాహరణతో తెలిసికొందము. పదేసి ఎలుకలున్న ఐదు గుంపులున్నవనుకొందము. కిలోగ్రాము బరువునకు 100 మిల్లీగ్రాముల సారమిచ్చిన గుంపులో ఒక్కటియు చావలేదు. 200 ఇచ్చినచో 1, 400 ఇచ్చినచో 5, 800 ఇచ్చినచో 9, 1600 ఇచ్చినచో మొత్తము 10 చచ్చినవి. మోతాదును అడ్డముగాను, చావుల శాతమును నిలువుగాను గుర్తించి గీత గీసినచో అది మొదట నేలబారుగా సాగి, నడుమ నిటారుగా లేచి, చివర మరల చదునగును.

ఈ రేఖ రెండు కొనలును నమ్మదగినవి కావు. అత్యల్ప మోతాదునకే చచ్చు మిక్కిలి సున్నితమైన ఎలుక మన పదింటిలో ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆ ఒక్క ఎలుకను బట్టి "అత్యల్ప మారక మోతాదు" 100 అగునో, 200 అగునో మారిపోవును. నడిమి భాగమట్లు కాదు. అక్కడ రేఖ నిటారుగా నున్నందున మోతాదు కొంచెము మారినను చావుల సంఖ్య ఎక్కువగా మారును. కనుక మోతాదును సరిగా గుర్తింపవచ్చును. సగము జంతువులను చంపు మోతాదునే కొలతగా తీసికొనవలెనని ట్రెవన్ సూచించెను. దీనికే మధ్యస్థ మారక మోతాదు, సంక్షేపముగా ఎల్.డి. 50 అని పేరు. పై ఉదాహరణలో అది 400.

జీవుల వైవిధ్యము వలన కలుగు గందరగోళమును తొలగింపలేమని ఒప్పుకొని, ఆ వైవిధ్యమునే గణితములోనికి తెచ్చుట ట్రెవన్ గొప్పతనము. తరువాత గడ్డం (ఇది ఆంగ్లేయుని పేరు), బ్లిస్ మొదలగువారు వంకర రేఖను సరళరేఖగా మార్చి లెక్కించు పద్ధతులను 1933, 1934లలో ఇచ్చిరి. ఇంతలో 1930లో సిడ్నీ స్మిత్ ఉన్నిడిజిటాలిస్ ఆకునుండి శుద్ధమైన డిగాక్సిన్‌ను వేరుచేసెను. స్ఫటికమును త్రాసులో తూచవచ్చును కదా! ఆ మందు విషయమున కప్పల అవసరము తీరుటకు దారి యేర్పడెను.

అంకె అధికారి యైనప్పుడు

ట్రెవన్ తన కొలతను రెండు సారముల బలమును పోల్చుటకు ఉద్దేశించెను. తరువాతి చరిత్ర దానికి వేరొక పని అప్పగించెను. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అను తియ్యని ద్రవములో కలిపి అమ్మగా, నూరుమందికి పైగా మరణించిరి; వారిలో పిల్లలెందరో కలరు. అమ్ముటకు ముందు దాని విషత్వమును ఎవరును పరీక్షింపలేదు. పరీక్షింపవలెనని నాటి చట్టమును చెప్పలేదు. 1938లో అచట కొత్త చట్టము వచ్చెను. క్రమముగా మందులు, పురుగుమందులు, రంగులు మున్నగు ప్రతి కొత్త పదార్థమునకు ఎల్.డి. 50 అంకెను అధికారులు కోరసాగిరి.

ఈ పనికి ఎలుక ముఖ్యసాధన మయ్యెను. తెల్ల ఎలుక చిన్నది, సాధువు, మూడు వారములకే పిల్లలను పెట్టును. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో 20వ శతాబ్ద ప్రారంభమున పెంచిన జాతి ప్రపంచమంతటను వ్యాపించెను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయందలి విస్టార్ ఎలుకల వంశము 1920 నుండి, అనగా ఆ సంస్థ కూనూరులో ఉన్న కాలమునుండి, కాపాడబడుచు వచ్చినదే.

ఒక్క అంకెకై 100 జంతువుల వరకును బలియిచ్చుట వాడుకయ్యెను. ఇంత చేసినను ఆ అంకె నిలుకడగా లేదు. ఎలుక వయసు, లింగము, మేత, గది వేడిమి మారినచో అంకె మారును. 1959లో రసెల్, బర్చ్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు మూడు సూత్రములు చెప్పిరి: సాధ్యమైనచోట జంతువునకు బదులు వేరొకటి వాడుట, జంతువుల సంఖ్యను తగ్గించుట, వాని బాధను తగ్గించుట. 1981లో స్విట్జర్లండుకు చెందిన జిబిండెన్, తన సహచరితో కలిసి, అంకెలో కనబడు సూక్ష్మత్వము ఆచరణలో పెద్దగా ఉపయోగపడదని, కొద్ది జంతువులను శ్రద్ధగా గమనించినచో ఎక్కువ తెలియునని వాదించెను. విచిత్రమేమనగా, అదే 1981లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ తన 401వ మార్గదర్శకముగా పాత పద్ధతిని ప్రకటించెను. అది 2002 చివర రద్దయినది. దాని స్థానమున 420, 423, 425 సంఖ్యల కొత్త పద్ధతులు నిలిచినవి.

నేటి పరీక్ష

మొక్కసారమునకు సాధారణముగా వాడు 423వ పద్ధతిని చూడుడు. ఆకులను నీడన ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాలులోగాని నీటిలోగాని సారము తీసి, ద్రవమును ఆవిరిచేసి ముద్దగా చేయుదురు. మూడు ఆడ ఎలుకలను రాత్రి మేత లేకుండ, నీరుమాత్ర మిచ్చి ఉంచి, ఉదయము తూచి, మొద్దుకొన గల సూదిగొట్టముతో నోటిద్వారా కడుపులోనికి సారమును ఒకేసారి ఇత్తురు. విషము కాదని తోచినచో కిలోగ్రామునకు 2000 మిల్లీగ్రాములతోనే ప్రారంభింతురు. ఎలుక బరువు 200 గ్రాములైనచో దానికి చెందునది 400 మిల్లీగ్రాములు.

మొదటి అరగంట, తరువాత నాలుగు గంటలు ప్రత్యేకముగా, 24 గంటలవరకు అప్పుడప్పుడు, ఆపై 14 దినములు ప్రతిదినము గమనింతురు. వెంట్రుకలు నిక్కుట, కన్నులు, ఊపిరి, వణకు, మూర్ఛ, చొంగ, విరేచనము, మగత మున్నగువానిని వ్రాసికొందురు. తీవ్రముగా బాధపడు ఎలుకను బాధ లేకుండ చంపి, చచ్చినవానిలో లెక్కింతురు. మూడింటిలో చచ్చినవి ఎన్ని యనుదానిని బట్టి అదే మోతాదును మరి మూడింటి కిత్తురు. లేదా 5, 50, 300, 2000 అను మెట్లలో ఎక్కుదురు, దిగుదురు. చివర వచ్చునది సూక్ష్మమైన అంకె కాదు. పదార్థము ఏ తరగతికి చెందునో తెలియును. హెచ్చరిక చీటీ అంటించుటకు అది చాలును.

ఎలుక చెప్పలేనిది

"2000 మిల్లీగ్రాములకు ఎలుక చావలేదు, 60 కిలోల మనిషికి 120 గ్రాముల వరకు హాని లేదు" అని గుణించి చెప్పుట ప్రమాదకరము. దీనికి తార్కాణము డిజిటాలిస్ కథలోనే కలదు. ఈ జాతి పదార్థములు గుండెకణముల పొరలో సోడియమును బయటకు తోయు ఒక ఎంజైమును బంధించి పనిచేయును. ఎలుక గుండెలోని ఎంజైము వీనికి అంత సులభముగా లొంగదు. మన గన్నేరులోని విషము కూడ ఈ వర్గమునకు చెందినదే. ఎలుక నోర్చుకొన్న మోతాదునుబట్టి గన్నేరును అంచనా వేసినవాడు ఘోరముగా మోసపోవును.

దీనికి తలక్రిందులైన ఉదాహరణ మధ్యధరా తీరపు ఎర్ర అడవిఉల్లి. ఇది మన నక్కవుల్లికి దగ్గరి బంధువు. శతాబ్దములుగా దానిని ఎలుకల మందుగా వాడిరి. మనిషి, పిల్లి, కుక్క దానిని తిన్నచో సాధారణముగా కక్కివేయును. ఎలుకకు కక్కు శక్తి లేదు; అందుచేత చచ్చును. విదరింగు రోగులను అనేకమారులు హెచ్చరించిన వాంతి యను లక్షణము ఎలుకలో ఎన్నడును కనబడదు. ఈ ఉల్లి మగ ఎలుకల కంటె ఆడ ఎలుకలను తక్కువ మోతాదుతో చంపును. ఆడ ఎలుకలు కొంత ఎక్కువ సున్నితమైన సందర్భము లుండుట వలననే నేటి పరీక్షలలో వానిని ఎన్నుకొందురు.

మరియొక హద్దు కాలమునకు సంబంధించినది. 1990 ప్రాంతమున బెల్జియంలో సన్నబడుటకై మూలికల మాత్రలు మ్రింగిన స్త్రీలు పలువురికి మూత్రపిండములు చెడిపోయెను. ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి వేరు అందులో చేరినట్లు 1993 నుండి వెలువడిన పరిశోధనలు తెలిపెను. మన ఈశ్వరవేరు కూడ ఆ జాతిదే. కొద్దికొద్దిగా నెలల తరబడి లోపలకు పోయి చేసిన ఆ హానిని, ఒక్క మోతాదు నిచ్చి 14 దినములు చూచు పరీక్ష పట్టజాలదు. దానికి దీర్ఘకాల పరీక్షలు వేరుగా కలవు.

కనుక "ఎలుకలలో విషత్వము కనబడలేదు" అను వాక్యమును మందుసీసా మీదగాని, పరిశోధన వ్యాసములోగాని చదివినప్పుడు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఏ భాగపు సారము? ఎంత మోతాదు? ఎన్ని దినములు? ఎన్ని జంతువులు? ఇవి తెలిసినప్పుడే ఆ వాక్యమునకు అర్థము. ప్రతి ఎలుకయు తన ప్రాణముతో ఒక చిన్న సమాధానము చెప్పును. అడిగిన ప్రశ్న సరియైనదిగా నుండునట్లు చూచుట మానవుని బాధ్యత.