హిప్-హాప్ సంగీతమున నిర్మాతృవృత్తి: ధ్వనిస్వామ్య చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రములందు 1973 ప్రాంతమున పుట్టి, అర్ధశతాబ్ది కాలములో ప్రపంచమంతటను వ్యాపించిన హిప్-హాప్ సంగీతమును గూర్చిన రచనలు ముఖ్యముగా రెండు తెఱగుల నున్నవి. కొన్ని దానిని నల్లజాతి యువజనుల వేదనకును, ధిక్కారమునకును వాణిగా వర్ణించును. మఱికొన్ని పేదఱికమున పుట్టి కోట్లకు పడగలెత్తిన వ్యక్తుల విజయగాథగా చెప్పును. ఈ రెండు దృష్టులును సత్యమునకు దూరములు కావు. కాని ఈ సంగీతమును కూర్చుటయే వృత్తిగా గొన్న వారిలో కొందఱు స్థిరపడుటకును, వారితో తులతూగు ప్రతిభ గల మఱికొందఱు రిక్తహస్తులై మిగులుటకును కారణమేమి యను ప్రశ్నకు ఇవి సమాధానము నీయవు. ఆ ప్రశ్ననే మేమీ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ముందుగా ఒక పదమును నిర్ణయించుకొనవలసి యున్నది. తెలుగున 'నిర్మాత' యనగా సాధారణముగా చలనచిత్రమునకు ధనము పెట్టువాడు. హిప్-హాప్‌లో 'ప్రొడ్యూసర్' అనబడువాడు అట్టివాడు కాడు. తాళగతిని కూర్చి, దానిపై ధ్వనులను పేర్చి, గాయకుని పలుకులకు ఆధారమగు 'బీట్' అను సంగీతభూమికను సిద్ధపఱచువాడు. ఈ వ్యాసమున నిర్మాత యను మాటను ఈ యర్థముననే వాడుచున్నాము. మన ప్రబంధ పరిభాషలో చెప్పవలెనన్న ఇతడు కృతికర్త. ధనమిచ్చి రికార్డును స్వాధీనము చేసికొను సంస్థ కృతిభర్త. కవి తన కృతిని ఎవ్వరికి అంకితమిచ్చినను కృతికర్తృత్వము ఆయనకే నిలిచియుండెడిది. ధ్వనిముద్రణ వ్యాపారమున అట్టి నియమము లేదు. ఇందు పేరును, ధనమును కూడ పత్రముపై నున్నవానికే చెందును. కావున ఈ వృత్తి చరిత్రయంతయు కృతికర్త తానే కృతిభర్త కూడ అగుటకు చేసిన యత్నముల చరిత్రయే యని మా సిద్ధాంతము.

1. ఆరంభదశ

1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అను భవనమున జరిగిన విందును ఈ సంగీతమునకు జన్మఘట్టముగా చరిత్రకారులు గ్రహించుచున్నారు. జమైకా నుండి వలస వచ్చిన క్లైవ్ క్యాంబెల్, అనగా డి.జె. కూల్ హెర్క్, ఆ రాత్రి రికార్డులు వేసెను. నర్తించువారు పాటకంటె, గానము ఆగి మద్దెలమ్రోత మాత్రము వినవచ్చు స్వల్పభాగమునకు ఎక్కువ ఉత్సాహపడుచుండుటను ఆయన గమనించెను. ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు యంత్రములపై నుంచి, ఆ భాగము ఒకదానిపై ముగియగనే రెండవదానిపై మొదలగునట్లు చేసి, కొన్ని క్షణముల వాద్యమును నిమిషముల తరబడి సాగించు పద్ధతిని ఆయన రూపొందించెను. 'బ్రేక్' అని పిలువబడు ఆ భాగమే హిప్-హాప్‌నకు మూలకందము.

ఈ ఘట్టమును వర్ణించువారు ఒక విషయమును తేలికగా దాటిపోవుట కలదు. ఆ విందును ఏర్పాటు చేసినది హెర్క్ కాదు, ఆయన సోదరి సిండీ క్యాంబెల్. బడి తెఱచునాటికి క్రొత్త బట్టలు కొనుటకు పైకము కూడబెట్టుట ఆమె యుద్దేశము. బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు ప్రవేశరుసుము. కావున హిప్-హాప్‌లో కళ ముందు పుట్టెననియు, వాణిజ్యము పిదప వచ్చి దానిని చెఱచెననియు చెప్పుట సరికాదు. రెండును ఒకే రాత్రి, ఒకే కప్పు క్రింద పుట్టినవి. అయితే ఆనాటి ఆదాయము ద్వారముకడ వసూలైన రుసుము మాత్రమే. రాత్రి ముగిసినతోడనే సంగీతమును ముగిసెడిది. అమ్ముటకు వస్తువు లేదు. వస్తువు లేనందున స్వామ్యవివాదమును లేదు.

2. సంగీతము సరకగుట

ఈ స్థితిని మార్చినది సిల్వియా రాబిన్సన్. గాయనిగా, గీతరచయిత్రిగా అంతకుముందే పేరొందిన ఆమె, 1979లో భర్తతో గూడి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో షుగర్‌హిల్ రికార్డ్స్ సంస్థను స్థాపించి, 'రాపర్స్ డిలైట్' అను పాటను వెలువరించెను. ఆ పాటకు ఆధారము షిక్ బృందమువారి 'గుడ్ టైమ్స్' అను పాటలోని వాద్యగతి. దానిని వాద్యకారులచే తిరిగి వాయింపించిరి. షిక్ బృందమునకు చెందిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ అనువారు న్యాయస్థానమున కెక్కుదుమని హెచ్చరింపగా, వారి పేర్లు రచయితలుగా చేర్పబడినవి. ఆ పాటలోని పలుకులలో కొంతభాగము గ్రాండ్‌మాస్టర్ కాజ్ అను బ్రాంక్స్ కవిగాయకుని నోటుపుస్తకము నుండి వచ్చినది. ఆయన పేరు మాత్రము ఎక్కలేదు. ఆయనకు ప్రతిఫలమును లేదు.

ఈ రెండు విషయములను ప్రక్క ప్రక్కన నుంచి చూడవలెను. ఇరుపక్షముల కృతియు ఒకే పాటలో చేరినది. ఒకరి కృతి నమోదై, దానికి స్వామ్యపత్రము ఉండెను. వేఱొకరి కృతి నోటుపుస్తకమున మాత్రమే యుండెను. ఫలభేదమునకు కారణము ప్రతిభ కాదు, పత్రము. తరువాతి కాలమున ఈ వృత్తిలో కలిగిన జయాపజయములు పెక్కింటికి ఈ మొదటి పాటయే నమూనా.

3. యంత్రములు, నిర్మాత యావిర్భావము

నిర్మాత యను ప్రత్యేక వృత్తికారుడు ఏర్పడుటకు యంత్రములు తోడ్పడినవి. 1980లో రోలాండ్ సంస్థవారి టి.ఆర్.-808 అను తాళయంత్రము వెలువడెను. వ్యాపారమున అది నిలువలేదు. తయారీ కొలది యేండ్లకే ఆగిపోయెను. పాతసరకుగా చౌకకు దొఱకుటచే అది పేదయువకుల చేతికి వచ్చెను. 1987లో ఇ-ము సంస్థవారి ఎస్.పి.-1200, 1988లో రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎం.పి.సి.-60 వచ్చినవి. ఇవి పాత రికార్డులోని ధ్వనిశకలమును గ్రహించి, మీట నొక్కగనే పలికించును. దీనినే 'సాంప్లింగ్' అందురు. ఎస్.పి.-1200 నిలువచేయగలిగినది మొత్తము పది క్షణముల ధ్వని మాత్రమే. నిర్మాతలు రికార్డును హెచ్చు వేగముతో త్రిప్పి గ్రహించి, యంత్రములో మరల తగ్గించి, ఆ పది క్షణములలో ఎక్కువ ధ్వనిని ఇమిడ్చెడివారు. ఇట్లు చేయుటచే ధ్వనికి కలిగిన మొరటుదనమే కాలక్రమమున శైలిగా పరిణమించెను. క్వీన్స్ ప్రాంతమునకు చెందిన మార్లీ మార్ల్ పాత రికార్డులనుండి ఒక్కొక్క మద్దెలదెబ్బను విడదీసి, తన యిచ్చవచ్చిన గతిలో కూర్చుటకు మార్గము చూపెను.

ఈ విద్య యొక్క మఱియొక పార్శ్వమును విస్మరింపరాదు. జేమ్స్ బ్రౌన్ పేర 1970లో వెలువడిన 'ఫంకీ డ్రమ్మర్' అను పాటలోని తాళఖండము హిప్-హాప్‌లో అత్యధికముగా గ్రహింపబడినవానిలో నొకటి. దానిని వాయించినవాడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆయన రచయితగా నమోదు కాలేదు. రికార్డుపై హక్కు ఆయనది కాదు. ఆ చేతివాటముపై ఎందఱో నిర్మాతలు తమ వృత్తిని కట్టుకొనిరి. 2017లో మరణించువఱకు ఆయనకు దానిపై రాయల్టీ హక్కు కలుగలేదు. హిప్-హాప్ నిర్మాతను రికార్డు సంస్థలు దోచినవని మాత్రమే చెప్పిన కథ సగము కథ. నిర్మాతయు ఒకానొకప్పుడు అజ్ఞాతవాద్యకారుని సొత్తుపై నిలిచెను.

4. న్యాయస్థానముల తీర్పులు

రికార్డు చేయబడిన పాటలో రెండు స్వామ్యములు కలవు. మొదటిది రచనపై, అనగా స్వరసాహిత్యములపై హక్కు. రెండవది ఆ రచనను ముద్రించిన ధ్వనిపై, అనగా మాస్టరు రికార్డుపై హక్కు. ఈ భేదము తెలియనివానికి ఈ వృత్తి యొక్క ఆర్థిక స్వరూపము బోధపడదు. సాంప్లింగ్ చేయువాడు ఇరువురి యనుమతిని పొందవలెను. తిరిగి వాయింపించుకొనువానికి రచయిత యనుమతి చాలును. 1992లో 'ది క్రానిక్' అను సంపుటమున డాక్టర్ డ్రే పాత గతులు పెక్కింటిని వాద్యకారులచే మరల వాయింపించుటకు గల కారణములలో ఇదియు నొకటిగా గ్రహింపవచ్చును.

1991 డిసెంబరులో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానము బిజ్ మార్కీ అను గాయకునిపై, గిల్బర్ట్ ఓసలివన్ పాటను అనుమతి లేక వాడినందులకు తీర్పు చెప్పెను. న్యాయమూర్తి దొంగతనమును నిషేధించు బైబిలు శాసనముతో తీర్పు నారంభించెను. నాటినుండి సంస్థలు ముందుగా అనుమతిపత్రము లేనిదే రికార్డును విడుదల చేయుటకు జంకినవి. పబ్లిక్ ఎనిమీ బృందము 1988లో వలె ఒకే పాటలో పదుల కొలది శకలములను పేర్చుట అటుపిమ్మట ధనవంతునికే సాధ్యమయ్యెను. తీర్పు శైలినే మార్చినది.

మన దేశమునకు సంబంధించిన వ్యాజ్యములు రెండు ఇచ్చట ప్రత్యేకముగా గమనింపదగినవి. 2002లో డి.జె. క్విక్ నిర్మించిన 'అడిక్టివ్' అను పాటలో, 1981 నాటి 'జ్యోతి' యను హిందీ చిత్రమునకు బప్పీ లాహిరి కూర్చిన, లతా మంగేష్కర్ పాడిన పాటలోని భాగము అనుమతి లేక చేరెను. 2003లో లాస్ ఏంజెలీస్ న్యాయస్థానము లాహిరి పేరు చేర్చనిదే రికార్డును అమ్మరాదని ఆజ్ఞాపించెను. కాని తరువాతి విచారణలో, లాహిరి చిత్రనిర్మాతకు కూలికి పనిచేసినవాడనియు, కావున రచనపై హక్కు ఆయనకు లేదనియు తేలెను. రెండవది టింబాలండ్ అను నిర్మాతపై సారెగామా సంస్థ వేసిన వ్యాజ్యము. 1969 నాటి 'ఆరాధన' చిత్రములోని పాటనుండి గ్రహింపబడిన అల్పశకలము దానికి కారణము. 2011లో అప్పీలు న్యాయస్థానము 1967 నాటి ఒప్పందపత్రమును చదివి, ఆ సంస్థ పూర్వరూపమైన గ్రామఫోను కంపెనీకి సంక్రమించిన హక్కు రెండేండ్లకే పరిమితమని నిర్ణయించి, వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. మొదటిదానిలో స్వరకర్త ఓడెను. రెండవదానిలో సంస్థ ఓడెను. రెండింటను గెలిచినది పత్రములోని వాక్యము.

లాహిరికి కలిగిన స్థితి ఆయన యొక్కనిది కాదు. 1977లో మన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ననుసరించి, చిత్రమునకై కూర్చిన సంగీతముపై స్వామ్యము, వేఱొక ఒడంబడిక లేనిచో, చిత్రనిర్మాతకే చెందెడిది. తెలుగు చిత్రసీమలోని స్వరకర్తలును, గీతరచయితలును ఈ నియమమునకు లోబడినవారే. 2012 చట్టసవరణ వారి రాయల్టీ హక్కును అన్యాక్రాంతము కానీయక కాపాడినది.

5. కృతికర్త కృతిభర్తయగుట

ఈ నేపథ్యమున హిప్-హాప్ వాణిజ్యమున ప్రసిద్ధులైన వారి మార్గమును పరిశీలింతము. 1984లో రిక్ రూబిన్, రసెల్ సిమన్స్ అనువారు డెఫ్ జామ్ సంస్థను విశ్వవిద్యాలయ వసతిగృహమునుండి నడిపి, మఱుసటి యేడు సి.బి.ఎస్. వారితో పంపిణీ ఒప్పందము చేసికొనిరి. చిన్నసంస్థ పాటను చేయుట, పెద్దసంస్థ దానిని అంగళ్లకు చేర్చుట యను విభజన ఇట్లు బలపడెను. కాని పంపిణీదారునికి ఏ హక్కు నీయవలెను, ఏది ఈయరాదు అను ప్రశ్న మిగిలెను.

దానికి స్పష్టమైన సమాధానము చెప్పినవాడు మాస్టర్ పి. అనబడు పెర్సీ మిల్లర్. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో రికార్డుల అంగడి నడిపి, కొనువారి అభిరుచిని కౌంటరు వెనుక నిలిచి నేర్చినవాడు. తన నో లిమిట్ సంస్థకు ప్రయారిటీ రికార్డ్స్ వారితో చేసికొన్న ఒప్పందమున పంపిణీని మాత్రమే అప్పగించి, మాస్టరు రికార్డులను తనవద్దనే నిలుపుకొనెను. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, 2005లో ముగిసిన బ్రిడ్జ్‌పోర్ట్ వ్యాజ్యమున, రెండు క్షణముల గిటారుధ్వనికి కూడ అనుమతి కావలెనని అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పినది నో లిమిట్ వారి చలనచిత్రములోని పాటను గూర్చియే. తన స్వామ్యమును అంత జాగ్రత్తగా కాపాడుకొన్న సంస్థయే పరుల స్వామ్యవిషయమున ప్రతివాదిగా నిలువవలసి వచ్చెను. 2016లో వేఱొక అప్పీలు న్యాయస్థానము ఇందుకు భిన్నముగా తీర్పు చెప్పుటచే అమెరికాలో ఈ విషయమున ఏకాభిప్రాయము లేకపోయెను.

డాక్టర్ డ్రే ఈ పాఠమును కష్టముగా నేర్చెను. 1996లో తాను స్థాపకులలో ఒకడైన డెత్ రో సంస్థను విడిచి, ఆఫ్టర్‌మాత్ అను క్రొత్త సంస్థను ఆరంభించెను. జిమ్మీ అయోవీన్‌తో కలిసి ఆయన నెలకొల్పిన హెడ్‌ఫోన్‌ల సంస్థయగు బీట్స్‌ను 2014లో ఆపిల్ 300 కోట్ల డాలర్లకు కొనెను. ఆయనకు గొప్ప ధనము పాటలవలన కాక, పాట వినుటకు వలయు పరికరములోని వాటావలన వచ్చుట గమనింపదగినది.

6. నేటి స్థితి

నిర్మాతకు సాధారణముగా బయానాయును, రికార్డుపై నూటికి మూడు నాలుగు పాళ్లు రాయల్టీయును ముట్టును. బయానా తీఱినగాని రాయల్టీ చేతికి రాదు. రచనలో బీట్‌నకు సగము వాటా యను సంప్రదాయము కలదు. కాని అది వాటాపత్రమున వ్రాయబడనిచో సంప్రదాయము సంప్రదాయముగనే మిగులును. 'నిర్మాత' యను పదము అమెరికా స్వామ్యచట్టమున మొదటిసారి చేరినది 2018లో మాత్రమే. నలుబది యేండ్ల వృత్తికి చట్టము నామకరణము చేయుటకు పట్టిన కాలమిది.

అదే యేడు లిల్ నాస్ ఎక్స్ అను యువకుడు, నెదర్లాండ్స్ దేశమునకు చెందిన యంగ్‌కియో చేసిన బీట్‌ను అంతర్జాల విపణిలో 30 డాలర్లకు కొనెను. అందు నైన్ ఇంచ్ నెయిల్స్ వారి వాద్యఖండము కలదు. ఆ బీట్‌పై కూర్చిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో అమెరికా పాటల పట్టికలో 19 వారములు అగ్రస్థానమున నిలిచెను. అంతట మూలవాద్యకర్తలగు ట్రెంట్ రెజ్నర్, అటికస్ రాస్ పేర్లతో పాటు యంగ్‌కియో పేరును రచయితల పట్టికలో నిలిచినది. 1979లో కాజ్‌నకు దక్కనిది 2019లో ఒక విదేశీయువకునకు దక్కెను. ఈ నలుబది యేండ్లలో జరిగిన మార్పును కొలుచుటకు ఈ రెండు పేర్లు చాలును.

7. ఉపసంహారము

పైన చెప్పినదానినిబట్టి మూడు విషయములు సిద్ధించుచున్నవి. హిప్-హాప్‌లో కళయు, వాణిజ్యమును మొదటినుండియు జంటగానే నడిచినవి. నిర్మాత విజయమునకు ప్రతిభ అవసరమే గాని, దానిని నిలిపినది రచనపైనను, మాస్టరు రికార్డుపైనను గల స్వామ్యము. ఆ స్వామ్యమును సంపాదించినవారును తమకు ముందటి వాద్యకారుల ఋణమును పూర్తిగా తీర్పలేదు. కృతికర్త కృతిభర్త యగుట న్యాయమే. కాని స్టబుల్‌ఫీల్డ్ వంటివాని పేరు చేరనంతవఱకు ఆ న్యాయము అసమగ్రము. సంగీతచరిత్ర వ్రాయబూనువారు రాగతాళములను పరిశీలించినంత శ్రద్ధతో ఒప్పందపత్రములను కూడ పఠింపవలసి యున్నదని మా విన్నపము. పాటలో వినిపించు చేతులెవ్వరివో రికార్డు చెప్పును. వానికి ముట్టినదేమో పత్రమే చెప్పును.